నాలుగో పేజీ

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నీ,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. ఫోన్లో అయితే సగంలోనే నాకు ఏడుపొస్తుంది, నువ్వు "సర్లే అమ్మా, తర్వాత మాట్లాడదాం" అంటావు.

పోయిన వారం నీ గదిలో చెదలు పట్టాయని మందు కొట్టించాం. నీ పుస్తకాలన్నీ హాల్లోకి మోసుకొచ్చి పెట్టాను. వాటిలో ప్రాగ్ రచయిత కాఫ్కా తన తండ్రికి రాసిన ఉత్తరం, పుస్తకంగా అచ్చయింది, కనిపించింది. అన్నేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పానన్న మాటే గానీ, కాఫ్కా అంటే నాకు తెలిసింది మనిషి పురుగైపోయే కథ ఒక్కటే. రెండు మధ్యాహ్నాలు కూర్చుని చదివేశాను. నువ్వు పెన్సిల్‌తో గీతలు పెట్టిన చోటల్లా ఆగాను.

నీ మొదటి గీత ఆ నీళ్ల సంగతి దగ్గర. రాత్రిపూట పిల్లాడు నీళ్లు కావాలని మారాం చేస్తాడు. దాహమేసి కూడా కాదు, కాస్త ఆట, కాస్త విసిగించడం. తండ్రి వాణ్ణి మంచం మీంచి ఎత్తుకెళ్లి, పెరటి వైపు వసారాలో, ఒంటి మీద చొక్కాతో నిలబెట్టి తలుపేసేస్తాడు. కొట్టలేదు. ఆ తర్వాత పిల్లాడు చెప్పినమాట వినేవాడైపోయాడట. కానీ ఏ కారణమూ లేకుండా ఎప్పుడైనా ఆ పెద్ద మనిషి వచ్చి తనని మంచం మీంచి ఎత్తుకెళ్లి బయట పెట్టేయగలడనీ, ఆయన దృష్టిలో తానంత లెక్కలేనివాడనీ ఏళ్ల తరబడి నలిగిపోయాడు. ఆ పిల్లాడే కాఫ్కా, ఇది రాసేనాటికి అతనికి 36 ఏళ్లు.

తండ్రి హెర్మాన్‌కి ప్రాగ్‌లో పెద్ద ఫ్యాన్సీ సామాన్ల కొట్టు. కొట్లో పనివాళ్ల మీద అరిచే అరుపులు విని, పిల్లాడు మనసులో పనివాళ్ల పక్షం చేరిపోయాడట. మన ఎరువుల కొట్లో గుమాస్తాని నాన్న తిట్టినప్పుడు నువ్వు వెనక గోడౌన్‌లోకి వెళ్లి కూర్చునేదానివి, గుర్తుందా? భోజనాల దగ్గరా అంతే. ఎముకలు కొరకకూడదు, ఆయన కొరకొచ్చు. మెతుకు కింద పడకూడదు, లేచాక చూస్తే ఎక్కువ పడింది ఆయన కుర్చీ కిందే. ఇక్కడ నేను నవ్వాను. నవ్వినందుకు సిగ్గేసింది కూడా. పసితనం పోవడమంటే ఏదో ఘోరం చూడటం అనుకునేదాన్ని. చట్టాలు చేసేవాడికి ఆ చట్టాలు వర్తించవని అన్నం ముందు కూర్చుని తెలుసుకోవడం కూడా అదేనేమో.

అయితే నేను ఈ ఉత్తరం రాస్తున్నది హెర్మాన్ గురించి కాదు. ఆవిడ గురించి. తల్లి, జూలీ.

తల్లి గురించి కాఫ్కా ఒక్క చెడ్డ మాట అనడు. ఎంతో మంచిదంటాడు. అంటూనే ఓ మాటంటాడు: వేటలో చప్పుడు చేసి జంతువుని వేటగాడి వైపు తోలే మనుషులుంటారు చూడు, అమ్మ తెలియకుండానే ఆ పని చేసింది అని. తండ్రి మీద కోపంతో, మొండితనంతో పిల్లాడు ఎక్కడ తన కాళ్ల మీద తాను నిలబడేవాడో, అక్కడ ఆవిడ బుజ్జగించి, బతిమాలి, సర్దిచెప్పి మళ్లీ తండ్రి గుప్పిట్లోకే పంపేది. దాని కింద నువ్వు రెండు గీతలు పెట్టావు. పక్కన ఏమీ రాయలేదు. నాకు అర్థమైంది.

మన సాహిత్యంలో తల్లి నీడ అంటే నాకు 'చివరకు మిగిలేది'లో దయానిధే గుర్తొచ్చేవాడు. తల్లి గురించి ఊరు అనుకున్న మాటలు అతన్ని ఎక్కడికెళ్లినా వదలవు. ఆ నవల నాకెంతో ఇష్టం. ఇప్పుడు చూస్తే అందులో నేను సుఖంగా ఉండగలిగానేమో, ఎందుకంటే అది నా గురించి కాదు.

ఆ ఐదు వందల సంగతి చెప్తాను. నువ్వు ఐదో తరగతి. బీరువాలో డబ్బు ఐదు వందలు తగ్గింది. సాయంత్రం ఆ గదిలో ఆడుకున్నది నువ్వే. నాన్న నిన్ను వరండాలో నిలబెట్టారు, నిజం చెప్పేదాకా లోపలికి రానివ్వనన్నారు. కరెంటు లేదు. కిటికీలోంచి నీ కాళ్లు కనబడుతున్నాయి, ఒక పాదంతో రెండో పిక్క గోక్కుంటున్నావు, దోమలు. తొమ్మిదిన్నరకి నేనొచ్చి నీ చెవిలో చెప్పాను: "తీశానని ఒప్పేసుకుని సారీ చెప్పెయ్యి తల్లీ, అయిపోతుంది." చెప్పావు. లోపలికి తీసుకొచ్చి పెరుగన్నం, మాగాయ ముక్క పెట్టాను. తింటూ ఒక్కసారి తలెత్తి నా వైపు చూశావు.

ఆ డబ్బు పొద్దున్నే మీ మావయ్యకి ఇచ్చాను, అత్తయ్య స్కానింగ్‌కి. మావాళ్లంటే మీ నాన్నకి పడదని నీకు తెలుసుగా. ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు.

ఇక అసలు విషయం. కాఫ్కా ఆ ఉత్తరాన్ని 1919 నవంబరులో రాశాడు, చేతిరాతలో వంద పేజీలు దాటింది. నాన్నకి ఇవ్వమని తల్లికిచ్చాడనీ, ఆవిడ ఇవ్వకుండా కొడుక్కే తిరిగి ఇచ్చేసిందనీ స్నేహితుడు మాక్స్ బ్రాడ్ రాశాడు. 1924లో కొడుకు పోయాడు, 1931లో తండ్రి పోయాడు, ఆ ఉత్తరం అచ్చయింది 1952లో. చివర్లో తండ్రి ఏం జవాబిస్తాడో కూడా కొడుకే ఊహించి రాసుకున్నాడు. పాపం, ఇక ఎవరు రాస్తారు?

పుణె వెళ్లే ముందు రోజు రాత్రి నువ్వు నాకిచ్చిన పదకొండు పేజీలు నాన్నకి ఇవ్వలేదు చిన్నీ. నువ్వు రైలెక్కాక ఫోన్ చేసి అడిగితే, "ఇచ్చాను, చదివారు, ఏమీ అనలేదు" అన్నాను. జూలీ నయం, తిరిగి ఇచ్చేసింది. నేను నా పెళ్లి పట్టుచీర మడతలో పెట్టి తాళం వేశాను. ఆరేళ్లుగా నువ్వు పండక్కి వచ్చి నాన్నతో రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోతుంటే, మనిషి మొండి అనుకుంటారు ఆయన. రాయి లాంటి మనిషి అనుకుంటావు నువ్వు. మీ ఇద్దరికీ నేనే కాఫీలు కలిపి ఇచ్చాను.

నాన్నకి బీపీ, ఇప్పుడెందుకు ఈ టెన్షన్ అని నాకు నేను చెప్పుకున్నాను. చాలా రోజులు నమ్మాను కూడా. నిజం ఏమిటంటే నేను ఉత్తరం విప్పి చదివాను. నాలుగో పేజీలో ఆ రాత్రి గురించి అంతా రాసి, కింద ఒక్క లైను రాశావు, "డబ్బు ఎవరు తీశారో అమ్మకి తెలుసు" అని. పదేళ్ల పిల్లవి, మాగాయ ముక్క నోట్లో ఉండగా నీకు తెలిసిపోయిందన్నమాట.

నిన్న సాయంత్రం నాన్నకి చెప్పేశాను. బత్తాయి వలుస్తున్నారు. ఆ రాత్రి సంగతి, మావయ్య సంగతి, అంతా చెప్పాను. అరుస్తారని చెంగు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆయన తొన చేత్తో పట్టుకుని నా వైపు చూసి, "ఏ ఐదు వందలు?" అన్నారు.

మళ్లీ చెప్పాను. కాసేపు ఆలోచించారు. "చిన్నదాన్ని నేనెప్పుడు బయట నిలబెట్టాను?" అన్నారు. నటన కాదు, నాకు తెలుసు. నిజంగానే ఆయనకి గుర్తు లేదు. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, రెండింటికి లేచి వరండాలో లైటు వేసుకుని కూర్చున్నారు.

నీ ఉత్తరం సంగతి ఇంకా చెప్పలేదు. బీరువాలోనే ఉంది, చెదలు అక్కడిదాకా రాలేదు. ఆయనకి ఇవ్వమంటే ఇస్తాను, నాలుగో పేజీతో సహా. నీకు పంపమంటే స్పీడ్ పోస్టులో పంపిస్తాను. నీ ఉత్తరం కాబట్టి నువ్వే చెప్పు. ఫోన్ చేస్తే ఎనిమిది తర్వాత చెయ్యి, అప్పటికి కొట్టు కట్టేసి ఆయన కూడా ఇంట్లో ఉంటారు.

అమ్మ