బండి వదిలేసిన వారికి బస్సు అందాలి

తెలంగాణ రవాణా శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

చూపు మందగించో, పక్షవాతం వచ్చో, మోకాళ్లు అరిగిపోయో బండి నడపడం మానేసిన హైదరాబాద్ వాసుల గురించి ఈ లేఖ రాస్తున్నాను. మా నాన్నగారు వారిలో ఒకరు. గ్లకోమా వల్ల పక్కల నుంచి వచ్చే వాహనాలు కనిపించవని డాక్టరు చెప్పిన వారంలోనే స్కూటరు అమ్మేశారు. మంచి పని చేశారు. కానీ కూరగాయలకూ, బ్యాంకుకూ, స్నేహితుల ఇళ్లకూ వెళ్లాలంటే అప్పటి నుంచి మాలో ఎవరికో ఒకరికి తీరిక ఉండాలి.

నలభై దాటిన వారు లైసెన్సు పునరుద్ధరణకు వైద్య ధ్రువపత్రం తేవాలి. యాభై అయిదు దాటితే అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. రోడ్డు మీద అందరి క్షేమం కోరే నియమాలు ఇవి, వీటిని సడలించమని అడగను. అయితే ఇక నడపకూడదని తేలిన మనిషి మర్నాటి నుంచి ఎలా తిరగాలో ఏ కాగితంలోనూ లేదు. రోజూ ఆటోకు పెట్టే స్తోమత పింఛను మీద బతికేవారికి ఉండదు. మిగిలేది బస్సు.

ఆ బస్సు ఎక్కడమే గండం. మొదటి మెట్టు మోకాలి ఎత్తులో ఉంటుంది. బస్సు స్టాపుకు ఇరవై అడుగుల ముందో వెనుకో, రోడ్డు మధ్యలో ఆగుతుంది. కాలు మెట్టు మీద పడీ పడకముందే కదులుతుంది. చూపు తగ్గిన వారికి 127కె వస్తోందో, మరొకటి వస్తోందో తెలిసేలోపే అది వెళ్లిపోతుంది. మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి, వచ్చే స్టేషను పేరు తెలుగులో వినిపిస్తుంది. మనవాళ్లు చేయగలరని అక్కడే రుజువైంది. కానీ మెట్రో మూడు దారుల్లోనే నడుస్తుంది, అక్కడిదాకా చేరడానికి మళ్లీ బస్సే కావాలి.

2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకంతో మా అమ్మకు టికెట్టు ఖర్చు లేదు, సంతోషం. కానీ ఆ మెట్టు ఎక్కలేక ఆమె ఇంట్లోనే ఉండిపోతోంది. ఎక్కలేని బస్సు ఉచితమైతే ఏమిటి?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షను బస్టాపుల్లో సౌకర్యాలు కల్పించాలనీ, వీలైన చోట పాత వాహనాలను సైతం మార్చాలనీ చెబుతోంది. అది కాగితం దాటి రోడ్డు మీదికి రావాలి. పైగా కీళ్లు అరిగిన ముసలివారిలో చాలామందికి ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం ఉండదు. అందుకే ప్రత్యేక పాసులకన్నా, అందరూ ఎక్కగల బస్సే ముఖ్యం.

కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. నగరంలో తిరిగే ప్రతి కొత్త బస్సూ, లోపలి అడుగుభాగం రోడ్డు నుంచి 400 మిల్లీమీటర్ల ఎత్తు మించని లోఫ్లోర్ బస్సే కావాలని మీరు పట్టుబట్టండి. ఆగినప్పుడు నంబరూ, వెళ్లే ఊరూ బయటికి వినిపించే మైకు పెట్టించండి. వాటికి ముందే, ఖర్చు లేకుండా ఈ నెలలోనే చేయగలిగింది ఒకటుంది: బస్సును స్టాపులోనే, ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఆపాలనీ, పెద్దవారు కూర్చున్నాకే కదిలించాలనీ అన్ని డిపోలకూ ఆదేశం ఇవ్వండి. వేళకు చేరలేదని డ్రైవరును మందలించే పద్ధతి మారకపోతే ఆ ఆదేశం నిలవదు, దాన్నీ మార్చండి.

ఇట్లు,
హైదరాబాద్ నగర పౌరురాలు