మాడ్యూల్ మార్చే పనికి ఇకపై ఒక పూట పడుతుంది

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మా ఉష్ణోగ్రత ప్యానెళ్లు వాడుతున్న యజమానులకు, ఆపరేటర్లకు నమస్కారం. మిరప టిక్కీలు చాంబర్లకు చేరే రోజులు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను. ఇకపై మాడ్యూల్ (ప్యానెల్‌లో సెన్సర్ రీడింగును చదివే చిన్న చిప్ బోర్డు) మార్చినా, కొత్తది జోడించినా పని అరగంటలో ముగియదు, ఒక పూట పడుతుంది. ఛార్జీ కూడా ఆ మేరకు పెరుగుతుంది. డబ్బు ఇచ్చేది మీరు కనుక ఎందుకో వివరంగా చెప్పాలి.

పాడైన మాడ్యూల్‌ను తీసి కొత్తది పెట్టడం నిజంగానే తేలిక. అందుకే "మాడ్యూల్ పంపండి, మేమే పెట్టుకుంటాం" అని చాలామంది అడుగుతున్నారు. అయితే తనకు ఏ రకం సెన్సర్ తగిలించారో, ఎన్ని తీగలతో తగిలించారో లోపలి చిప్‌కు దానంతట అదే తెలియదు. కంట్రోల్ రిజిస్టర్‌లో, అంటే చిప్ తన సెట్టింగులు ఉంచుకునే చోట, మనం ఏది రాస్తే దాన్ని బట్టే నడుచుకుంటుంది.

పీటీ100 సెన్సర్లకు (వేడిని బట్టి నిరోధం మారే ప్లాటినం సెన్సర్లు) మేము వాడే మాక్స్31865 చిప్‌నే తీసుకోండి. దాని కంట్రోల్ రిజిస్టర్‌లో ఎనిమిది బిట్లుంటాయి, ఒకే బోర్డు మీద ఎనిమిది స్విచ్చులున్నట్టు. కరెంటు రాగానే అన్నీ సున్నాలే. అంటే సెన్సర్‌కు రెండో నాలుగో తీగలున్నాయని, కరెంటు లైన్ల రొదను తీసేసే వడపోత 60 హెర్ట్జ్‌కని అది అనుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, మీ చాంబర్లలోవి మూడు తీగల సెన్సర్లు. వడపోత 60లో ఉండిపోతే కంప్రెసర్ కేబుళ్ల నుంచి వచ్చే రొద సరిగా అణగక రీడింగ్ ఊగుతుంది. ఊగితే కనీసం కంటికి కనిపిస్తుంది. మూడు తీగల బిట్ సున్నాగా ఉండిపోతే ఆ తేడా కనిపించదు. పీటీ100 నిరోధం డిగ్రీకి సుమారు 0.385 ఓమ్ పెరుగుతుంది. తీగ నిరోధం ఒక్క ఓమ్ కలిసినా రెండున్నర డిగ్రీలకు పైగా ఎక్కువ చూపుతుంది. అంకె మాత్రం నిలకడగా, నమ్మేటట్టే ఉంటుంది. కంప్రెసర్ అవసరానికి మించి తిరుగుతుంది, బిల్లు మీ మీద పడుతుంది.

రాసే క్రమమూ ముఖ్యమే. నిరంతర కొలత సాగుతుండగా వడపోత బిట్ మార్చకూడదని చిప్ తయారీదారు ఇచ్చే డేటాషీట్‌లోనే ఉంది. అందుకని కొలత ఆపి ముందుగా 50 హెర్ట్జ్, మూడు తీగల బిట్లు రాస్తాం. తర్వాత సెన్సర్‌ను కొలవడానికి కావలసిన బయాస్ వోల్టేజీ ఇచ్చి, అది కుదురుకున్నాక కొలత మొదలుపెడతాం. చివరికి రిజిస్టర్‌ను తిరిగి చదివితే హెక్సాడెసిమల్‌లో (పదహారు అంకెల లెక్కలో) డి1 రావాలి. డి0 వస్తే వడపోత ఇంకా 60లోనే ఉన్నట్టు. ఆ పైన ప్రతి సెన్సర్‌నూ ఐసు ముక్కలు, నీళ్లు కలిపిన ఫ్లాస్కులో ముంచి సున్నా చూపేదాకా ఆగుతాం. పూట పట్టేది ఎక్కువగా ఇక్కడే.

జనరేటర్‌కు మారే క్షణంలో వోల్టేజీ కుంగితే చిప్ ఒక్కటే రీసెట్ అయి బిట్లన్నీ మళ్లీ సున్నాలు కావచ్చు. అందుకే కొత్త ఫర్మ్‌వేర్ (ప్యానెల్‌ను నడిపే లోపలి ప్రోగ్రాం) రిజిస్టర్‌ను పదేపదే చదివి పోల్చుకుంటుంది. తేడా ఉంటే ఆ చాంబర్‌కు అంకె బదులు గీతలు చూపుతుంది. గీతలు కనిపిస్తే ప్యానెల్ కాలిపోయిందని కంగారు పడకండి, మాకు ఫోను చేయండి.

మోడ్‌బస్ (యంత్రాలు, కంప్యూటర్లు అంకెలు పంచుకునే పద్ధతి) ద్వారా సొంత కంప్యూటర్‌లో రీడింగులు చూసుకునేవారికి మరో విషయం. ఇక్కడ రిజిస్టర్ అంటే ప్యానెల్‌లో ఒక్కో రీడింగు ఉండే చోటు. మాన్యువల్‌లో 40001 అని ఉన్న రిజిస్టర్‌కు లైన్ మీద వెళ్లే చిరునామా సున్నా. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ తేడాను తామే సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. సర్దుకోకపోతే ఒకటో చాంబర్ పేరు కింద రెండో చాంబర్ అంకె కనిపిస్తుంది. రెండు సంఖ్యలూ పక్కపక్కనే ఉన్న కొత్త పట్టిక అందరికీ పంపుతున్నాం. ఇకపై బయటి నుంచి రిజిస్టర్లను చదవడమే కుదురుతుంది, రాయడం కుదరదు. ఫోనులోంచే సెట్టింగులు మార్చుకునే వీలు కావాలని కొందరు కోరారు. అది నేను ఇవ్వలేను. లోపల ఉన్నది రైతుల ఏడాది కష్టం.

రిజిస్టర్ల వివరాలు లేని చవక మాడ్యూళ్లను మా ప్యానెళ్లలో కలపడం కూడా మానేస్తున్నాం.

పాత ప్యానెళ్లకు కొత్త ఫర్మ్‌వేర్ ఉచితంగానే ఎక్కిస్తాం. విజయవాడ ఆటోనగర్ వర్క్‌షాప్‌కు ఫోను చేసేటప్పుడు ప్యానెల్ తలుపు లోపలి వైపున్న సీరియల్ నంబరు, చాంబర్ ఖాళీగా ఉండే తేదీ చెప్పండి. సరుకు ఎక్కని చాంబర్లకు ముందు వస్తాం.