రగ్బీ ఆడే మన అమ్మాయిల గురించి తల్లిదండ్రులకు లేఖ

రాయగడ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

మన బడిలో రగ్బీ సాధనకు వచ్చే పద్నాలుగు మంది ఆడపిల్లల్లో ఐదుగురిని పోయిన నెలలో ఇళ్లలో మాన్పించారు. కారణం అడిగితే ఒకరు దెబ్బలన్నారు, ఒకరు పిల్ల ఎండకు నల్లబడుతోందన్నారు, ఇద్దరు మెట్రిక్ పరీక్షలన్నారు. ఒక తల్లి మాత్రం, "అది మగాళ్ల ఆట కదా మేడమ్, రేపు సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు అడిగితే ఏం చెప్పుకోవాలి?" అని మనసులో మాట దాచుకోకుండా చెప్పింది. ఈ నెల వార్తాలేఖలో రాయాల్సిన మిగతా సంగతులన్నీ పక్కనపెట్టి ఆ తల్లికీ, ఆమెలాగే ఆలోచిస్తున్న మీ అందరికీ జవాబు రాస్తున్నాను.

మన ఒడిశాలోనే జాజ్‌పూర్ జిల్లాలో పుట్టిన సుమిత్రా నాయక్ చిన్న వయసులోనే భువనేశ్వర్‌లోని కళింగ సామాజిక శాస్త్రాల సంస్థలో, అంటే మనమంతా 'కిస్' అని పిలిచే విద్యాలయంలో, చదువు కోసం చేరింది. గిరిజన పిల్లలు ఉచితంగా ఉండి చదువుకునే ఆ చోట రగ్బీ అప్పటికే వేళ్లూనుకుంది. అక్కడి అబ్బాయిలు 2007లో లండన్ వెళ్లి పద్నాలుగేళ్ల లోపు పాఠశాలల పోటీలో గెలిచి వచ్చారు. సుమిత్ర అక్కడే ఆట నేర్చుకుంది. భారత మహిళలు పదిహేను మంది ఆడే రగ్బీలో మొదటిసారి అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడింది 2018లో, సింగపూర్‌లో. అప్పుడు ఒక్క గెలుపూ దక్కలేదు. మరుసటి ఏడాది జూన్‌లో, మనీలాలో, అదే సింగపూర్ జట్టును 21-19 తేడాతో ఓడించి మన వాళ్లు తొలి విజయం సాధించారు. చివరి నిమిషాల్లో సుమిత్ర తన్నిన పెనాల్టీతో (ఎదుటి జట్టు తప్పు చేస్తే దొరికే తన్ను అది) వచ్చిన మూడు పాయింట్లే ఆ గెలుపు తెచ్చాయి. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు నిండలేదు.

ఆ పెనాల్టీ గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. పదిహేను మంది కలిసి ఆడే ఆటలో ఆ తన్ను మాత్రం ఒక్కరే తన్నాలి. బంతిని నేల మీద నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, రెండు స్తంభాల మధ్య నుంచి, అడ్డకర్ర పైనుంచి పంపాలి. ఏళ్ల తరబడి ప్రతి సాయంత్రం తన్నిన కాలికే అది సాధ్యమవుతుంది. మన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆ బంతి నిలబడక పడిపోతోందని, వాళ్ల అమ్మమ్మ నీళ్ల బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు తెచ్చి, దాని మీద బంతిని నిలబెట్టి తన్నుతోంది. నలభై తన్నులకు పదకొండు లోపలికి వెళ్లాయని నోటుపుస్తకం వెనక అట్ట మీద గీతలు గీసుకుంది. ఆ గీతలు నాకు చూపించిన వారంలోనే ఆమెను మాన్పించారు. ఆ చుట్టకుదురు ఇప్పుడు నా గదిలో బీరువా మీద ఉంది.

దెబ్బల భయం న్యాయమైనదే. తగలవని నేను చెప్పను. పోయిన ఏడాది ఒక పిల్లకు తలకు దెబ్బ తగిలాక కూడా మరో పది నిమిషాలు ఆడనిచ్చాం. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు గానీ ఆ తప్పు నాది, ఆ తల్లిదండ్రులకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆ రోజు నుంచి తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, పిల్లను మైదానం నుంచి తప్పిస్తున్నాం. డాక్టరు సరేననే వరకు తిరిగి ఆడనివ్వడం లేదు. కొత్తగా చేరినవాళ్లు మొదట నడుముకు కట్టిన పట్టీలు లాగే ఆటే ఆడతారు, అందులో ఒకరినొకరు పట్టి పడేయడం ఉండదు. ఆ తరువాత కూడా ప్రత్యర్థిని భుజాల కిందే పట్టాలన్నది ఆట నియమం. దాన్ని ముందు మోకాళ్ల మీద కూర్చుని, గడ్డి పరుపుల మీద నేర్పిస్తాం. పళ్లకు తొడుగు లేనిదే ఎవరూ ఆడరు, దాని ఖర్చు బడిదే.

చదువు గురించి ఎక్కువ రాయను. సాధన వారానికి మూడు సాయంత్రాలే, ఆరింటికల్లా పిల్లలు ఇంట్లో ఉంటారు.

మగాళ్ల ఆట అన్న అమ్మకు ఒక సంగతి చెప్పాలి. 2025 సెప్టెంబరు 27న లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్, కెనడా మహిళలు ప్రపంచకప్ ఫైనల్ ఆడితే 81,885 మంది మైదానానికి వచ్చి చూశారు. మన ఒడిశా ప్రభుత్వం భారత రగ్బీ జట్లకు ప్రాయోజకత్వం ఇచ్చింది. ఇక సంబంధం మాట: మీ పాపకు పద్నాలుగేళ్లు, ఆ రోజు చాలా దూరంలో ఉంది. పదమూడు నుంచి పదిహేడు వరకు ఉన్న ఈ కాలంలో కాళ్లకు బలం, చేతులకు ఒడుపు బాగా వస్తాయి. ఇప్పుడు మాన్పిస్తే మూడేళ్ల తరువాత మళ్లీ అందుకోవడం కష్టం.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి మైదానానికి రండి. చింతచెట్టు కింద కుర్చీలు వేయిస్తాను. అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని కూడా తీసుకురండి. ముందు ఆట చూడండి, తరువాత పీఈటీ మాస్టారిని ఏం అడగాలనుకుంటే అది అడగండి. సెలవుల్లో హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో పిల్లల్ని భువనేశ్వర్ తీసుకెళ్లి పెద్ద మైదానంలో ఆట చూపించాలని ఉంది. వెంట ఇద్దరు తల్లులు వస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. మాన్పించిన ఐదుగురి పేర్లు హాజరు పుస్తకంలో ఇంకా కొట్టేయలేదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు