ఆదివారం కూర్చుంటున్నాం: వార్తతో పాటు లెక్కా తెండి

సభ్యులందరికీ నమస్కారం.

వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటలకు అమలాపురంలో, ఎప్పటిలాగే కాలువ గట్టు పక్కనున్న గ్రంథాలయం మేడ మీద మన సైన్సు కబుర్ల సమావేశం జరుగుతుంది. ప్రతి ఒక్కరూ ఒక వార్తను ఎంచుకొని, అందులోని ఒక్క అంకెనైనా స్వయంగా సరిచూసి తీసుకురావలసిందిగా కోరుతున్నాను.

ఎందుకంటే, ఛార్జింగు లేకుండా 50 ఏళ్లు పనిచేసే బ్యాటరీ వార్త మన గ్రూపులో మళ్లీ నాలుగుసార్లు తిరిగింది. 2024 జనవరిలో చైనా సంస్థ బీటావోల్ట్ ప్రకటించిన ఆ నికెల్-63 (రేడియోధార్మిక నికెల్) బ్యాటరీ ఇచ్చేది 100 మైక్రోవాట్లు, అంటే వాటులో పదివేలవ వంతు మాత్రమే; 10 వాట్ల ఫోను ఛార్జరుకు సాటి రావాలంటే అలాంటివి లక్ష కావాలి కనుక, ఫోనును జేబులోనూ ఆ లక్ష బ్యాటరీలను నీళ్ల డ్రమ్ములోనూ పెట్టుకుని తిరగవలసి వస్తుంది. (నేనూ మొదట మా బావగారికి పంపి, ఆ తర్వాతే లెక్క వేశాను.)

మామూలు గది వేడిలోనే నిరోధం లేకుండా కరెంటును పారిస్తుందని, అయస్కాంతం మీద తేలుతుందని 2023లో చెప్పుకున్న పదార్థం ఎల్‌కే-99 సంగతి ఈసారి వద్దు. ఆ ముక్క ఒక అంచును అయస్కాంతానికి ఆనించుకునే తేలిందని అందరం చూశాం.

పంటు మీద నది దాటి వచ్చేవారి కోసం ఏడింటికల్లా ముగిస్తాం. వస్తున్నదీ లేనిదీ శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే తెలపండి. బజ్జీల లెక్క దాన్నిబట్టే ఉంటుంది.