బావా, నాకిక్కడ ఇంకో అమ్మా నాన్నా దొరికారు

ఒరే బావా,

మెసేజ్‌లకి ముక్కలు ముక్కలుగా జవాబిచ్చి తప్పించుకుంటున్నానని తిట్టావు కదా, ఇదిగో తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, టీ పెట్టుకుని చదువు. ముందు అసలు వార్త. నాకిక్కడ ఒక అమ్మ, ఒక నాన్న, ముగ్గురు చెల్లెళ్లు, ఒక తమ్ముడు ఏర్పడ్డారు. అమ్మ వయసులో నాకంటే చిన్నది. నవ్వావంటే మిగతాది రాయను.

నేనొచ్చిన స్కాట్లాండ్‌లోని ఈ సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ 1413 నాటిది, ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తర్వాత ఇదే పాతది. పేరు అంత పెద్దదైనా ఊరు మాత్రం గుప్పెడంత. నార్త్ స్ట్రీట్, మార్కెట్ స్ట్రీట్, సౌత్ స్ట్రీట్ తిరిగేస్తే ఊరు చూసేసినట్టే, ఆ చివర కూలిపోయిన కెథడ్రల్, పక్కన కోట, ఇటు గోల్ఫ్ మైదానం, మిగతాదంతా సముద్రం, సముద్రం మీంచి గాలి. రైలు కూడా ఊళ్లోకి రాదు, లూకర్స్‌లో దిగి బస్సెక్కాలి. ఇంత చిన్న ఊళ్లో కుర్రకారుకి ఇంకేం పని ఉంటుంది, వందల ఏళ్లుగా కూర్చుని సంప్రదాయాలు పెంచుకున్నట్టున్నారు.

పద్ధతి ఏంటంటే, థర్డ్ ఇయర్, ఫోర్త్ ఇయర్ వాళ్లు కొత్తగా వచ్చినవాళ్లని పిల్లలుగా పెంచుకుంటారు. ఒకళ్లు అమ్మ, ఒకళ్లు నాన్న. వాళ్లిద్దరి మధ్య ఏమీ ఉండక్కర్లేదు, మా అమ్మా నాన్నా అయితే పక్కపక్క ఇళ్లవాళ్లు, అంతే. వాళ్లని పెంచినవాళ్లు ఇంకా ఊళ్లో ఉంటే వాళ్లు మనకి తాతయ్యలు, నాయనమ్మలు. నేను ఎక్స్ఛేంజ్ మీద ఒక్క సెమిస్టర్‌కే వచ్చినవాణ్ణి కదా, నన్నెవరు పట్టించుకుంటారులే అనుకున్నా. హాస్టల్ మెస్‌లో ఎదురుగా కూర్చున్న అమ్మాయి 'నీకు తల్లిదండ్రులున్నారా' అని అడిగింది. ఉన్నారు, ఖమ్మంలో, అన్నా. బల్లంతా పగలబడి నవ్వింది, ఆ సాయంత్రానికి నన్ను పెంచేసుకున్నారు.

అక్టోబర్ మధ్యలో రైజిన్ (అంటే కిస్మిస్) వీకెండ్ వస్తుంది, ఆ ఆది సోమవారాలకి ఊరి స్వరూపమే మారిపోతుంది. నిజం చెప్పాలంటే ముందు నాకు టెన్షనే. సీనియర్లు, జూనియర్లు, వేషాలు, వీధిలో తిప్పడం... ఈ మాటలన్నీ ఒకచోట వింటే మన బుర్రలో ఏ గంట మోగుతుందో నీకు తెలుసు. ర్యాగింగ్ ఆపడానికి 1997లో చట్టమే చెయ్యాల్సొచ్చిన రాష్ట్రంలో పుట్టాం. మా అన్నయ్య ఇంజనీరింగ్ ఫస్ట్ ఇయర్‌లో సెలవులకి ఇంటికొచ్చి తిరిగి వెళ్లనని మొండికేసిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అందుకే ఇక్కడ ఎవరు ఎవరి మీద పెత్తనం చేస్తారా అని ఓ కన్నేసి ఉంచా. చూస్తే చాకిరీ అంతా పెద్దవాళ్లదే. వంట వాళ్లు చెయ్యాలి, ఖర్చు వాళ్లు పెట్టుకోవాలి, రాత్రి ఒక్కొక్కర్నీ గదుల దాకా దిగబెట్టాలి. మాలో ఒక చెల్లి ఇంటి మీద బెంగతో సెప్టెంబరంతా గదిలోంచి బయటికే రాలేదు, ఆ పిల్లకి వారానికోసారి సూప్ పట్టుకెళ్లింది మా అమ్మే. ఆ పని చెయ్యమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఇంట్లో టీ పార్టీ, సాయంత్రం నాన్న ఇంట్లో పార్టీ. వెనకటికి పిల్లలు కృతజ్ఞతగా ఒక పౌండు కిస్మిస్ పళ్లు ఇచ్చేవాళ్లట, ఈ కాలంలో అందరూ వైన్ సీసా ఇచ్చేస్తున్నారు. నేను మాత్రం అర్ధకేజీ కిస్మిస్ ప్యాకెట్టే పట్టుకెళ్లా, మా నాన్న దాన్ని బల్ల మధ్యలో పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. ఆ రాత్రి తాగుడు మాత్రం నాకు నచ్చలేదు బావా. పండగ పేరు చెప్పి ఒళ్లు తెలీకుండా తాగేవాళ్లు వీధికి ఇద్దరు కనిపించారు. నేను వద్దంటే మా ఇంట్లో మారు మాట్లాడకుండా ఆపిల్ జ్యూస్ పోశారు, అన్ని ఇళ్లలో అంతే మర్యాద ఉంటుందని మాత్రం ఒట్టేసి చెప్పలేను.

సోమవారం పొద్దున్నే అసలు తమాషా. అమ్మ పిల్లలకి వేషాలు వేస్తుంది, నాన్న రసీదు ఇస్తాడు. అవును, కిస్మిస్ ముట్టినట్టు రసీదు, అదీ లాటిన్‌లో! కాగితం మీద ఇస్తే మజా ఏముంది, మోయలేని వస్తువు మీద రాసివ్వాలి. మా నాన్న ఎక్కడో పాత ఇస్త్రీ బల్ల సంపాదించి దాని గుడ్డ మీద నల్ల మార్కర్‌తో రాశాడు, సగం అక్షరాలు పీల్చేసుకుని పాకిపోయాయి, ఒక కాలు వంగి సరిగ్గా మడత పడదు. మా అయిదుగురికీ పసుప్పచ్చ కోడిపిల్లల వేషం. ఆ బల్లని వంతులేసుకుని మోస్తూ, ఈకలు రాలుస్తూ నార్త్ స్ట్రీట్ వెంట నడుస్తుంటే ముసలావిడ ఒకావిడ మా వైపు కన్నెత్తి కూడా చూడకుండా కుక్కని తీసుకుని వెళ్లిపోయింది. రసీదులో తప్పు దొరికితే మోసేవాడు గౌడీ పాడాలి, లాటిన్‌లో ఉండే పాత విద్యార్థుల పాట అది. తప్పు రాసింది నాన్న, పాడాల్సింది మేము, ఈ న్యాయం ఎక్కడిదో నాకర్థం కాలేదు.

తర్వాత సెయింట్ సాల్వేటర్స్ క్వాడ్, అంటే కాలేజీ భవనాల మధ్య ఆవరణ, దాని వెనకున్న పచ్చికలో షేవింగ్ ఫోమ్ యుద్ధం. గేటు తియ్యగానే వందల మంది ఒక్కసారి విరుచుకుపడ్డారు. మొదటి నిమిషంలోనే కళ్లజోడు మూసుకుపోయింది, తుడుచుకుందామంటే చెయ్యి నిండా అదే, చొక్కా నిండా అదే. చెవుల్లోకి పోతే లోకమంతా దూరంగా వినిపిస్తుంది, నోట్లోకి పోతే నిమ్మకాయ సబ్బు నాకినట్టుంటుంది. ఎవరు మనవాళ్లో తెలీదు, డైనోసార్ వేషంలో ఎవడో నా వీపు మీద ఒక డబ్బా మొత్తం ఖాళీ చేసి 'సారీ' అని మరీ వెళ్లాడు. ఆ మంచు గాలికి ఫోమ్ ఆరి చర్మం లాగేస్తుంటే వణుక్కుంటూ బయటికొచ్చాం, అమ్మ తువ్వాళ్లు పట్టుకుని రెడీగా ఉంది.

ఇంకో సంగతి. అక్కడి సెయింట్ సాల్వేటర్స్ చాపెల్ ముందు నేల మీద రాళ్లతో పి.హెచ్. అని పేర్చి ఉంటుంది, 1528లో ప్యాట్రిక్ హామిల్టన్ అనే కుర్రాణ్ణి మతద్రోహమని అక్కడే మంటల్లో కాల్చి చంపేశారు. దాన్ని తొక్కితే డిగ్రీ పోతుందని నమ్మకం. తొక్కినవాడికి పరిహారం, మే ఒకటిన తెల్లారుజామున నార్త్ సీలో మునగడం. కార్తీకంలో మా నాయనమ్మ భద్రాచలంలో చేసేదీ అదే కదా అని మా తమ్ముడితో అన్నా, వాడికి ఫొటోలు కావాలట. నేను డిసెంబర్‌లోనే వచ్చేస్తాను కాబట్టి ఆ మునక నాకు లేదు, అందుకే చాపెల్ ముందు గోడ పక్క నుంచి నడుస్తున్నా. హేతువాదివి కదా నువ్వు, తిట్టుకో, నా బ్యాక్‌లాగ్ నాది.

సరే, ఇప్పుడు అసలు పని. వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదికీ పులిహోర చేస్తానని నోరు జారా. ఇక్కడ దొరికింది చింతపండు పేస్టు డబ్బా, మామూలు గుజ్జుకంటే చిక్కగా నల్లగా ఉంది. ఏడుగురికి ఎన్ని చెంచాలు వెయ్యాలో, పోపులో ఇంగువ లేకపోతే నడుస్తుందో లేదో అత్తయ్యని అడిగి శుక్రవారం లోపల చెప్పు. కారం తగ్గించమని మాత్రం ఆవిడకి చెప్పకు, అది నేను చూసుకుంటా.

నీ
బావ