అప్రమత్తంగా ఉండాల్సింది మేమొక్కరమేనా?

సంపాదకులకు నమస్కారం.

కిందటి వారం మీ బెంగళూరు పేజీలో ఉచిత సినిమా సైట్ల గురించి వార్త వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపంలో రాస్తే మీరు వేయరని నాలుగు రోజులు ఆగాను. ఆగినా తగ్గలేదు. వార్తలో తప్పేమీ లేదు, బాధంతా దాని చివరి వాక్యంతోనే: "ప్రజలు అప్రమత్తంగా ఉండాలని అధికారులు సూచించారు." వాన పడి అండర్‌పాస్ మునిగినా ఇదే వాక్యం, గుంతలో స్కూటర్ పడినా ఇదే వాక్యం. అధికారులు ఎప్పుడు అప్రమత్తంగా ఉంటారో కూడా ఒకసారి వేయండి, కత్తిరించి దాచుకుంటాం.

అన్నట్టు, అదే వార్తను మా అబ్బాయి మీ వెబ్‌సైటులో తెరిచాడు. ఒక్క అక్షరం చదవకముందే నోటిఫికేషన్లకు అనుమతి అడిగింది, కుకీలు ఒప్పుకోమంది, అడగని వీడియో ఒకటి మూలన మోగడం మొదలుపెట్టింది. జాగ్రత్తలు చెప్పే పద్ధతి బాగుంది.

కొత్త సినిమాలు దొంగతనంగా పెట్టే ఐబొమ్మ సైటు కథ అందరికీ తెలిసిందే. 2025 నవంబరులో దాని నిర్వాహకుణ్ణి హైదరాబాద్ పోలీసులు పట్టుకుంటే మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది అతని మీదే జాలిపడ్డారు. ఇక్కడి మల్టీప్లెక్స్ రేట్లు అలాంటివి మరి. 200 రూపాయలు దాటకూడదని కర్ణాటక ప్రభుత్వం పెట్టిన నిబంధన హైకోర్టు స్టేతో ఆ సెప్టెంబరులోనే ఆగిపోయింది. అయితే లక్షల మంది చూసేవాళ్ల వివరాలు అతని చేతిలో ఉన్నాయని, సైటుకు వచ్చినవాళ్లను బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించాడని పోలీసులు చెప్పాక ఆ జాలి కాస్త తగ్గింది.

సరే, సైటు మూశారు. టీవీకి తగిలించే పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్సుల సంగతేమిటి? ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే మన ఎస్పీ రోడ్డుకు వెళ్తే ఇప్పటికీ "ఒక్కసారి కొంటే చాలు సార్, అన్ని ఓటీటీలూ ఫ్రీ" అంటారు. మా కింది ఫ్లాట్ పెద్దాయన భక్తి ఛానెళ్ల కోసం ఒకటి తెచ్చుకున్నారు. తగిలించగానే అది హానికర యాప్‌లను పట్టే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌ను ఆపేయమంది. ఆయన ఆపేశారు. టీవీ పెట్టె అడిగితే కాదంటామా? ఇలాంటి బాక్సుల్లో కొన్ని ఫ్యాక్టరీలోంచే వైరస్‌తో వస్తున్నాయని, వాటిని కొన్నవారి వైఫై మీదుగా నేరగాళ్లు తమ పనులు నడిపిస్తున్నారని అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరించింది. ఆ మాల్‌వేర్‌కు బాడ్‌బాక్స్ 2.0 అని పేరు. అంతకుముందే, 2024 డిసెంబరులో, జర్మనీ ప్రభుత్వ సంస్థ ఆ దేశంలో దాదాపు 30,000 పరికరాలకు నేరగాళ్ల సర్వర్లతో సంబంధం తెంచేసింది. అంటే ఎవడో ఎక్కడో దొంగతనం చేస్తే జాడ మా పెద్దాయన ఇంటికి తేలుతుంది. మన దగ్గర సెట్‌టాప్ బాక్సుకు ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేని సరుకు కౌంటరు మీదికి ఎలా వచ్చిందని అడగాల్సింది ఎవరు, మేమా?

పోనీ డబ్బు కట్టి, కంపెనీ టీవీలో మర్యాదగా చూస్తే నిశ్చింతేనా అంటే అదీ లేదు. తెర మీద ఏం ఆడుతోందో కనిపెట్టి కంపెనీకి చేరవేసే ఏసీఆర్ అనే ఏర్పాటు చాలా స్మార్ట్ టీవీల్లో ఉంది. కేబులైనా, పెన్‌డ్రైవ్ అయినా దానికి ఒకటే. అడగకుండా ఇలా 1.1 కోట్ల టీవీల నుంచి సమాచారం లాగినందుకు విజియో అనే కంపెనీ 2017లో అమెరికాలో 22 లక్షల డాలర్లు కట్టింది. మన ఇళ్లలో టీవీ బిగించడానికి వచ్చిన కుర్రాడు అన్నిటికీ "ఓకే" నొక్కేసి, టీ తాగి వెళ్లిపోతాడు. వైఫై పెట్టినవాడు రౌటర్ పాస్‌వర్డ్ మార్చనే మార్చడు.

వీపీఎన్ పెట్టుకోండి అంకుల్ అంటారు కుర్రాళ్లు. మనం ఏ సైటుకు వెళ్తున్నామో అది నెట్ ఇచ్చేవాడికి కనిపించకుండా చేస్తుందేమో గానీ, మన పేరుతో లాగిన్ అయిన యాప్‌కు మనం తెలియకుండా పోతామా? పైగా 2022 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాళ్లు, వీపీఎన్ వాడేవారి పేర్లూ చిరునామాలూ ఆ కంపెనీలు ఐదేళ్లు తమ దగ్గర భద్రపరచాలన్నారు. దాంతో పెద్ద కంపెనీలు కొన్ని ఇక్కడి సర్వర్లే ఎత్తేశాయి. బాక్సులు అమ్మేవాడి చిరునామా మీద మాత్రం ఎవరికీ ఇంత ఆసక్తి లేదు.

మా బ్లాకులో ఒక రిటైర్డ్ టీచరమ్మకు "మీ సబ్‌స్క్రిప్షన్ ఆగిపోయింది" అని మెసేజ్ వచ్చింది. లింకులో కార్డు వివరాలు ఇచ్చారు, డబ్బు పోయింది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాక స్టేషన్‌కు వెళ్తే "ఇష్టు ఓదిద్దీరా, గొత్తాగలిల్వా?" (ఇంత చదువుకున్నారు, తెలియలేదా?) అన్నారట. ఆవిడకు డబ్బు పోయిన బాధకన్నా ఆ మాటే ఎక్కువ తగిలింది. నెలల తరబడి ఎవరికి ఫోన్ చేసినా రింగుకు ముందు కాలర్ ట్యూన్‌గా సైబర్ మోసాల పాఠం వినిపించారు. పాఠం చెప్పడంలో లోటు లేదు, ఫిర్యాదు రాసుకునే దగ్గరే పెన్ను కదలదు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి మన బెంగళూరు మనిషే. ఎనభై దాటిన వయసులో, 2012లో కోర్టుకెక్కారు. ఆ తీర్పు వచ్చిన ఆరేళ్లకు, 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు. దాని నిబంధనలకు 2025 నవంబరు దాకా పట్టింది. అందులో అసలైన వాటికి మళ్లీ 18 నెలల గడువు, అంటే 2027 మే. సమాచారాన్ని భద్రంగా ఉంచని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా అని గొప్పగా చెప్పారు. అందులో నష్టపోయినవారికి పైసా రాదు, అంతా ప్రభుత్వ ఖజానాకే. పాత ఐటీ చట్టంలో పరిహారం అడిగేందుకు ఉన్న 43ఏ సెక్షన్‌ను కూడా ఈ కొత్త చట్టమే తీసేస్తోంది. టీచరమ్మకు ఇది చెప్పే ధైర్యం నాకు లేదు.

మీరొక పని చేయండి. ఏ కంపెనీ టీవీలో ఏసీఆర్ ఎక్కడ ఆపాలో, రౌటర్ పాస్‌వర్డ్ ఎలా మార్చాలో పెద్దక్షరాలతో, బొమ్మలతో ఒక పేజీ వేయండి. సినిమా పేజీ ఒక రోజు తగ్గితే ఎవరూ ఏమీ అనుకోరు. మాకు సూచనలిచ్చిన ఆ అధికారులు ఈ ఏడాది బాక్సుల దుకాణాలు ఎన్ని తనిఖీ చేశారో కూడా అడిగి, వాళ్లు చెప్పిన అంకె అదే పేజీలో అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
రామమూర్తినగర, బెంగళూరు