మొరాయించేది పాత మెషీన్ కాదు, మన కోడే

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో పాత కంప్యూటర్ల మీద కొత్త సాఫ్ట్‌వేర్ ఎందుకు ఎక్కదో రాసిన వ్యాసం చదివా, బానే ఉంది కానీ తప్పంతా పాపం ఆ పాత మెషీన్ల మీదకే తోసేశారు, మెమరీ చాలదు, ప్రాసెసర్ స్లో అని. నేను చాలా ఏళ్లుగా సీ లాంగ్వేజ్‌లో లైబ్రరీలు, అంటే వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ ముక్కలు, రాసుకుంటూ బతుకుతున్నా. నేను చూసినంతలో చాలాసార్లు అడ్డంపడేది మెషీన్ కాదండీ, తన టేబుల్ మీదున్న కంప్యూటర్ లాంటివే లోకంలో అన్నీ ఉంటాయనుకుని ఎవడో రాసేసిన నాలుగు లైన్లు.

ఆ రాసినోళ్లలో నేనూ ఉన్నా. ఒక ఫైల్ ఫార్మాట్ చదివే చిన్న లైబ్రరీ నాది, ఫైల్‌ని మెమరీలో పెట్టుకున్న బఫర్ మధ్యలో ఎక్కడో 4 బైట్ల నంబర్ ఉంటుంది, బద్ధకించి ఆ చోటు పాయింటర్‌ని, అంటే మెమరీ అడ్రస్‌ని, ఇంట్ (పూర్ణాంకం) పాయింటర్ అనుకోమని కంపైలర్‌కి (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చేదానికి) చెప్పేసి లాగేశా. ఇంటెల్ మీద ఏళ్ల తరబడి నడిచింది. తర్వాత ఒకాయన పాత స్పార్క్ (ఇంటెల్ కాని వేరే రకం ప్రాసెసర్) మెషీన్ మీద కంపైల్ చేసుకున్నాడు, కంపైల్ అయితే అయింది గానీ రన్ చేయగానే బస్ ఎర్రర్ కొట్టి పడిపోయింది. స్పార్క్‌కి 4 బైట్ల నంబర్ ఉన్న అడ్రస్ 4తో శేషం లేకుండా భాగించబడాలి, కాకపోతే ఊరుకోదు, ఇంటెల్ అయితే సర్దుకుపోతుంది. సర్లే అని మెమ్‌కాపీ (బైట్లని ఉన్నవున్నట్టు కాపీ చేసే ఫంక్షన్) పెట్టి చదివితే క్రాష్ పోయింది కానీ నంబర్ తప్పొచ్చింది, ఎందుకంటే స్పార్క్ బిగ్ ఎండియన్, పెద్ద బైట్ ముందు పెట్టుకుంటుంది, నా ఫైల్లో చిన్న బైట్ ముందుంది.

చివరికి చేసిందేంటంటే ఒక్కో బైట్‌ని అన్‌సైన్డ్ (మైనస్ లేని) చార్‌గా, అంటే ఒక బైట్ టైప్‌గా, తీసుకుని, 32 బిట్ల అన్‌సైన్డ్ టైప్‌లోకి మార్చి, 0, 8, 16, 24 బిట్లు ఎడమకి జరిపి కలిపేయడం, అంతే. ఏ ఎండియన్ అని అడిగే పని లేదు, ఫలానా సిస్టమ్ అయితేనే ఈ లైన్లు తీసుకో అని చెప్పే ఇఫ్‌డెఫ్ ఒక్కటి కూడా అక్కర్లేదు. టైప్ మార్చడం మాత్రం మర్చిపోకూడదు, డాస్ కాలపు కంపైలర్లలో ఇంట్ 16 బిట్లే, దాన్ని అలాగే 24 జరిపితే ఏమొస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

అసలు తమాషా ఇంకోటుంది. కొన్నాళ్లకి అదే పాత కోడ్ కొత్త ఇంటెల్ మెషీన్ మీద, కొత్త కంపైలర్‌తో ఆప్టిమైజేషన్ పెంచితే పడిపోయింది. ఇంట్ పాయింటర్ కదా, అడ్రస్ సరిగ్గానే ఉంటుందిలే అని కంపైలర్ నమ్మేసి లూప్‌లో, ఒకేసారి చాలా నంబర్లు లాగే, అడ్రస్ సరిగ్గా లేకపోతే ఊరుకోని వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు వాడేసింది. అంటే స్పార్క్ మీద బయటపడిన తప్పు స్పార్క్‌ది కాదు, మొదట్నుంచీ నాదే, అది ముందుగా చెప్పిందంతే.

చార్ సంగతీ ఇలాంటిదే. ఒక్కో అక్షరం చదివే గెట్‌చార్ తిరిగిచ్చేది ఇంట్, దాన్ని చార్‌లో పెట్టుకుని ఈఓఎఫ్‌తో (ఫైల్ అయిపోయిందని చెప్పే గుర్తు, మామూలుగా మైనస్ 1) పోల్చేవాళ్లు ఇప్పటికీ బోలెడుమంది. ఇంటెల్ మీద చార్‌కి మైనస్ ఉంటుంది కాబట్టి పని జరిగిపోతుంది, ఆర్మ్ (ఫోన్లలో ఉండే రకం ప్రాసెసర్) లినక్స్‌లో చార్ అన్‌సైన్డ్, అక్కడ ఆ మైనస్ 1 కాస్తా 255 అయి కూర్చుంటుంది, లూప్ ఇక ఆగదు. లాంగ్ అనే పూర్ణాంకం టైప్ అయితే మరీ ఘోరం, 64 బిట్ల లినక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లే, పాయింటర్‌ని లాంగ్‌లో దాచిపెట్టినోళ్ల కోడ్ అక్కడ సగం అడ్రస్ పోగొట్టుకుంటుంది.

ఇంక ఇఫ్‌డెఫ్‌ల గోల. సిస్టమ్ పేరు చూసి నిర్ణయాలు తీసుకోవద్దని మొత్తుకుంటూనే ఉన్నాం, వినరు. ఎస్‌టీఆర్‌ఎల్‌సీపీవై అని టెక్స్ట్ కాపీ చేసే ఒక ఫంక్షన్ ఉంది, 1998లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చింది, లినక్స్‌లో ప్రోగ్రామ్‌లన్నీ వాడుకునే మూల సీ లైబ్రరీ జీలిబ్‌సీలోకి 2023లో 2.38తో గానీ రాలేదు. మధ్యలో ఎంతమంది లినక్స్ అయితే మన సొంతది స్టాటిక్‌గా (ఈ ఫైల్‌కి మాత్రమే) పెట్టుకో అని రాసేశారో, కొత్త జీలిబ్‌సీ రాగానే ఒకే పేరుకి రెండు డిక్లరేషన్లు కొట్టుకుని కంపైల్ ఆగిపోయాయి. పాత సిస్టమ్ కోసం రాసిన లైన్ కొత్త సిస్టమ్‌కి తగిలింది చూడండి! అదే ఆటోకాన్ఫ్ (బిల్డ్‌కి ముందు సిస్టమ్‌ని పరీక్షించే కాన్ఫిగర్ స్క్రిప్ట్ తయారుచేసే టూల్) లాంటిది చేసినట్టు, చిన్న ప్రోగ్రామ్ కంపైల్ చేసి చూసి ఫంక్షన్ ఉందా లేదా అని అడిగుంటే ఏ గొడవా లేదు. ఆ కాన్ఫిగర్ స్క్రిప్ట్ నత్తలా నడుస్తుందని నేనూ తిట్టుకుంటా, కానీ అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అడుగుతుంది. విండోస్‌లోనూ అంతే, టెక్స్ట్‌ని బఫర్‌లో రాసే సరైన ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ స్టూడియో 2015లో గానీ రాలేదు, అంతకుముందున్న, పేరు ముందు అండర్‌స్కోర్ ఉన్నదైతే బఫర్ నిండిపోతే టెక్స్ట్ అయిపోయిందని చెప్పే సున్నా కూడా చివర పెట్టదు, పేరు ఒకేలా ఉంది కదా అని మాక్రోతో అతికించేసినవాళ్లు తర్వాత ఏడ్చారు.

మేం డబ్బు పెట్టి కొన్న ఒక లైబ్రరీ గురించి కూడా చెప్పాలి, కంపెనీ పేరెందుకులెండి. సోర్స్ ఇవ్వలేదు, లైబ్రరీతో పాటు దాన్ని నడిపే చిన్న టూల్ బైనరీ ఇచ్చారు, మా పాత సర్వర్ మీద పెడితే జీలిబ్‌సీ 2.34 లేదంటూ మొదలవకుండానే ఆగిపోయింది. కొత్త ఫంక్షన్లేమైనా వాడారా అంటే లేదు, 2.34లో ప్రోగ్రామ్‌ని స్టార్ట్ చేసే ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ ముద్ర పడింది, దాంతో ఆ సిస్టమ్ మీద లింక్ చేస్తే ఏ పనీ చేయని ఖాళీ ప్రోగ్రామ్ కూడా పాత చోట నడవదు. సపోర్ట్ వాళ్లకి చెబితే మీ సర్వర్ పాతబడింది, మార్చుకోండి అన్నారు. వాళ్లే పాత లినక్స్ ఒకటి కంటైనర్‌లో (మెషీన్ లోపలే విడిగా పెట్టుకునే సిస్టమ్‌లో) పెట్టి అందులో బిల్డ్ చేసుంటే ఒక పూట పని.

అన్నీ ఎప్పటికీ మోయమని అనట్లేదు. సీ తొలినాళ్ల కేఅండ్ఆర్ పద్ధతిలో రాసిన ఫంక్షన్లని జెడ్‌లిబ్ (zlib, డేటాని కుదించే లైబ్రరీ) 1995 నుంచి మోసి మోసి 2023లో 1.3తో వదిలేసింది, అందులో నాకేం బాధ లేదు, సీ భాష కొత్త ప్రమాణం సీ23 కూడా వాటిని తీసేసింది. అయితే జెడ్‌లిబ్ ఆ మాట ఛేంజ్‌లాగ్‌లో (మార్పుల చిట్టాలో) రాసి మరీ వదిలింది. నాకు మండేది చెప్పకుండా వదిలేసేవాళ్ల మీద, ఎక్కడో ఒక హెడర్ ఫైల్లో (లైబ్రరీ వాడేవాళ్లు తమ కోడ్‌లో కలుపుకునే ఫైల్లో) సరదాకి రెండు స్లాష్‌ల కామెంట్ రాసి, ఆ హెడర్‌ని రెండు స్లాష్‌ల కామెంట్ తెలియని పాత సీ89 ప్రమాణం మోడ్‌లో కంపైల్ చేసుకునేవాళ్లందరికీ ఎర్రర్లు తెప్పించి, అయ్యో చూసుకోలేదండీ అనేవాళ్ల మీద. లైబ్రరీ లోపల ఏమైనా రాసుకోండి, పైకి కనిపించే హెడర్ మాత్రం సీ89లో ఉంచండి, ఏ కంపైలర్ నుంచి పనిచేస్తుందో రీడ్‌మీలో ఒక్క లైన్ రాయండి, రిలీజ్‌కి ముందు ఒక్కసారి ఆ కంపైలర్‌తో కట్టి చూడండి.

ఈసారి ఆ వ్యాసం రెండో భాగం వేస్తే ఇది కూడా కాస్త రాయించగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక సీ ప్రోగ్రామర్